దీపం వెలిగాక బదులివ్వకూడదు

గాలి: తూర్పు. ధూళి: పలచన.

ఈ పుస్తకంలో రోజూ గాలి, ధూళి, చేసిన మరమ్మతులు రాయాలని దీపాలదిబ్బ కమిటీ నియమం. ఇంకేమీ రాయకూడదని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇన్నేళ్ళూ అడిగినంతే రాశాను. ఇవాళ్టి నుంచి నాకు తోచింది కూడా రాస్తాను. షెడ్డు నాది, పెన్సిలు నాది, చదివేవాడు ఎలాగూ లేడు.

మొదటి బేరం పుట్టగొడుగుల కొట్టు కాపలాదారు. ముసుగు మీద ఉప్పు దులుపుకోకుండానే లోపలికొచ్చి, గుండెల మీది పలకను విప్పి బల్ల మీద పడేశాడు. రాత్రి భోజనాల దగ్గర ఆ పలక మీద “మీ అమ్మ పులుసు కంటే ముసుగులో దూరే ఉప్పే నయం” అని నిలువుగా, జంట కామాల మధ్య, బల్లంత అక్షరాల్లో పడిందట. భార్య చదివింది. అత్తగారూ చదివింది.

పలక మళ్ళీ తగిలించగానే “నేను అన్లేదమ్మా. అనుకున్నా, అంతే” అని మొత్తుకున్నాడు.

“అనుకున్నావు గదా మరి” అన్నాను.

గొంతు పట్టీ విప్పి చూశాను. మా అందరి గొంతులనూ ఉప్పు ధూళి ఏనాడో తినేసింది. మా అమ్మమ్మ తరంతో పాటే నోటి శబ్దం పోయింది. అయినా మనిషి మాట్లాడబోతే గొంతు కదులుతుంది. ఆ కదలికను పట్టీ పట్టుకుని, మాటను జంట కామాల మధ్య నిలువుగా పలక మీద వేస్తుంది. గొంతు కదలకుండా మనసులో మెదిలేది పలచగా, వాలు అక్షరాల్లో పడుతుంది. దాన్ని పూర్తిగా ఆపటం ఇప్పటిదాకా ఎవరి వల్లా కాలేదు. ఈ కాపలాదారు పట్టీలో రబ్బరు అరిగిపోయి, గుటక వేసినా మాట కింద జమకట్టేస్తోంది. రబ్బరు మార్చి పంపాను. అతని కాపురం మరమ్మతు నా పనిలో లేదు.

మధ్యాహ్నం మా ఆయన నాంచారయ్యను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చారు. పంపుహౌసు నిచ్చెన మీంచి పడ్డారు. మెడ కింద ఏదీ కదలదు. మాటకు గొంతూ కదలదు. ఊపిరి, గుటక మిగిలాయి, కళ్ళు మిగిలాయి. ఆయన పలక మీద ఇక జంట కామాలు పడవు, పడేవన్నీ వాలు అక్షరాలే. మోసుకొచ్చినవాళ్ళు ఆ పలక వైపు చూడకుండా, నేల చూపులు చూస్తూ మంచం మీద దించి వెళ్ళారు. మర్యాద తెలిసినవాళ్ళు.

నేనూ చూడలేదు. ఎవరి వాలు అక్షరమూ చదవకూడదు, కంటపడినా బదులివ్వకూడదు. మా ఊళ్ళో పిల్లలకు ముద్ద కలుపుకోవటం కంటే ముందు ఇదే నేర్పుతాం. పలకలు వచ్చిన కొత్తలో మొగుడు మనసులో అనుకున్నదానికి పెళ్ళాం, తమ్ముడు అనుకున్నదానికి అన్న కత్తులు తీశారట. సగం ఊరు అలా పోయాక పెట్టుకున్న కట్టుబాటు ఇది. దానివల్లే బతికి బట్టకట్టాం, కాదనను.

గాలి: తూర్పు. ధూళి: పలచన. మరమ్మతులు: లేవు.

పొద్దున గంజి పట్టాను. పెదవులు బిగించారు. ఉప్పు చాలలేదేమోనని వేశాను, ఉప్పు మా ఊళ్ళో కొదవా. మళ్ళీ బిగించారు. దుప్పటి కప్పాను, తీశాను. కిటికీ మూశాను. ఇదంతా గోడను చూస్తూనే. ఎదురుగా మనిషి ఏదో చెబుతూనే ఉంటే, గోడకేసి చూస్తూ ఆయనకు ఏం కావాలో ఊహించటం కంటే గుడ్డితనం నయం.

చివరికి నాకు ఒళ్ళు మండి పలక చూశాను.

/నీళ్ళు. హైమా, గంజి కాదే, నీళ్ళు. మెడకింద దిండు మడత పడింది. తియ్యి. ఇది చూడదు. నేను చచ్చినా చూడదు. మహా మర్యాదస్తురాలు./

చేతిరాతలో అక్షరాలను వాల్చటం నాకు చేతకాదు. అందుకని ఈ పుస్తకంలో ఆయన వాలు మాటలను రెండు ఏటవాలు గీతల మధ్య పెడుతున్నాను.

“చూశాను” అన్నాను.

ఆయన రెప్పలు గట్టిగా మూసుకున్నారు. తర్వాత /సిగ్గు లేదా నీకు/ అని పడింది. దాని వెనకే /నీళ్ళు ముందు/ అని పడింది.

నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చింది. నీళ్ళు పట్టి, దిండు సరిచేసి, ఆయన పక్కనే కూర్చున్నాను. ఇన్నేళ్ళ కాపురంలో ఒకరి మనసు ఒకరం చదువుకోలేదు. చీర విప్పినప్పుడు కలగని సిగ్గు ఇప్పుడు కలిగింది, ఆయనకూ అంతే. /చూడమాక/ అనుకున్నారు. కాసేపటికి /పోవద్దు/ అనుకున్నారు. రెండూ నిజమే కాబట్టి, కూర్చుని కళ్ళు మూసుకున్నాను.

గాలి: దక్షిణం. ధూళి: మోస్తరు. మరమ్మతులు: పట్టీ ఒకటి, మా ఇంటిదే.

తెలివైనదాన్ననుకున్నాను. కాపలాదారు పట్టీలో చెడిపోయినదేదో మా ఆయన పట్టీలో కావాలనే చెడగొడితే, వాలు మాటలన్నీ నిలబడి జంట కామాల మధ్యకు వస్తాయి కదా. రబ్బరు చెక్కేసి, రేకు పలచన చేసి కట్టాను. వెంటనే “కడుపులో మంట” అని నిలువుగా పడింది. ఊరంతా చదవగల మాట. ఎగిరి గంతెయ్యాలనిపించింది.

సాయంత్రం ఏసోబు వచ్చాడు. మా ఆయనకు పంపుహౌసులో చిన్ననాటి నుంచి జత, ఇప్పుడు కథల హాలు చూసుకుంటున్నాడు. నన్ను వదినా అంటాడు. మంచం పక్కన కూర్చుని “ఎట్టా ఉందిరా?” అన్నాడు.

“ఏసోబు వచ్చాడు. పాపం, చిక్కిపోయాడు. ఒళ్ళు కంపు. వీడు నిచ్చెన పట్టుకునుంటే పడేవాణ్ణి కాదు. లేదులే, నేనే తొందరపడ్డా. వీడు రెండు చేతులతో తింటాడు, నాకు ఒక్క వేలన్నా లేదు. హైమ ముసలిదైపోయింది. వీడి ముందు నా దుప్పటి తియ్యకపోతే బావుండు” అని ఆయన పలక ఆగకుండా చెప్పుకుపోయింది.

మనసుకు ముందూ వెనకా ఉండదు, అందులో సగం ఆ క్షణంలోనే చెరిగిపోయేది. కానీ జంట కామాల మధ్య పడ్డాక చెరిగిపోదు. ఏసోబు ముఖం చూడలేకపోయాను. వాడు లేచి, “తర్వాత వస్తాలే వదినా” అని వెళ్ళిపోయాడు.

“తియ్యి. నన్ను బజార్న పెట్టమాక” అంది పలక. అది మాత్రం నిజంగా ఆయన నాతో అన్న మాటే. కొరివితో తల గోక్కున్నాను. పాత రబ్బరు వేసేశాను.

మా కథల హాల్లో ధూళికి ముందు కాలపు అచ్చు పుస్తకాలు కొన్ని ఉన్నాయి. కొన్నిట్లో మనుషులు అన్నది జంట కామాల్లో, అనుకున్నది వాలు అక్షరాల్లో ఉంటుంది. కొన్నిట్లో ఏ గుర్తూ ఉండదు. మాటంతా చదివి చివర్న “అన్నాడు” ఉందో “అనుకున్నాడు” ఉందో చూసుకోవాల్సిందే. అప్పటి జనానికి ఎంత ఓపికో. ఆ చివరి ముక్క తగిలించేది కథ చెప్పేవాడు. మా ఆయనకు ఇప్పుడు ఆ ముక్క తగిలించే మనిషి కావాలి, పట్టీ కాదు.

గాలి: దక్షిణం. ధూళి: మోస్తరు.

కమిటీ పెద్ద అనసూయమ్మ గారు వచ్చారు. మంచం కాళ్ళ వైపు నిలబడి, చూపు కిటికీ మీద పెట్టి మాట్లాడారు.

“చూడు హైమావతీ, నోట మాట లేని మనిషి మౌనశాలకు పోవాల్సిందే గదమ్మా. అక్కడ పలక తీసేస్తారు, వేళకు గంజి పోస్తారు. ఇట్టా వాకిట్లో మనసు ఆరేసుకుని పడుంటే ఆయనకు మాత్రం గౌరవమా?”

“ఆయనకు పోవాలని లేదండీ.”

“నీకెట్టా తెలుసు?”

చదివానని ఎలా చెప్పను? ఆయన దుప్పటి సర్దాను. ఆమె కళ్ళలో జాలి కనిపించింది. చెడ్డమనిషి కాదు. ఆమె తండ్రిని కూడా మౌనశాలకే పంపింది, ఆ సంగతి అందరికీ తెలుసు.

“ఊరికి పనికొచ్చే మాట ఒక్కటన్నా ఆయన దగ్గర మిగిలుంటే చూపించు. ఈసారి కమిటీ కూర్చునేలోపు” అని వెళ్ళిపోయారు.

మౌనశాలకు నేనొకసారి దీపం తీగ వెయ్యటానికి వెళ్ళాను. వరసగా మంచాలు, ఖాళీ గుండెలు. ఒకాయన నన్నే చూస్తూ ఉన్నాడు. దాహమో, ఒంటికో, రెంటికో, ఏమీ కాదో. పలక లేదు, అడిగే దారి లేదు. మా ఆయన్ను ఆ వరసలో పడుకోబెట్టే కంటే నేనే పీక నొక్కేస్తాను. కోపంలో రాస్తున్నాను, అయినా కొట్టెయ్యను.

/మౌనశాలకు వద్దు హైమా. వద్దు వద్దు వద్దు/ అని పొద్దుపోయేదాకా ఆయన పలక మీద అదే.

గాలి: తూర్పు. ధూళి: పలచన.

దొరికింది. ముందే తట్టనందుకు నా నెత్తిన నేనే మొట్టుకున్నాను.

మా ఆయన కథలు చెప్పేవారు. సెలవునాడు సాయంత్రం ఊరంతా హాల్లో కూర్చుంటుంది. చెప్పేవాడి పలకకు తీగ కలిపితే మాటలు పెద్ద గోడపలక మీద పడతాయి. గోడపలక పైన ఒక దీపం ఉంది. అది వెలిగితే కథ మొదలు, ఆర్పితే కథ అయిపోయినట్టు. గోడ మీది రాత కూడా దాంతోనే చెరిగిపోతుంది. ఆ దీపం వెలుగుతున్నంతసేపూ వాలు అక్షరాలు చదవొచ్చు. కథలో మనిషి ఏం అనుకుంటున్నాడో చూడటం తప్పు కాదు. మా ఊళ్ళో మర్యాదగా ఇంకొకరి మనసు చదవగల చోటు అదొక్కటే, అందుకే సెలవునాడు జ్వరమొచ్చినవాడు కూడా ఇంట్లో ఉండడు.

ఒకటే షరతు. దీపం వెలిగాక గోడకు ఎవరూ బదులివ్వకూడదు, కథ మధ్యలో లేవకూడదు. చదివి ఊరుకుంటారు కాబట్టే చదవనిస్తారు.

కథ చెప్పమని ఆయన్ను అడిగాను. ఆయన పలక మీద అక్షరాలు తడబడి, ఆగి, మళ్ళీ వచ్చాయి. /నేనా? ఇట్టానా?/

“మీరు అనుకోండి. చివర్న ‘అనుకున్నాడు’ అని నేను తగిలిస్తాను” అన్నాను.

గాలి: తూర్పు. ధూళి: పలచన. సెలవు.

చక్రాల కుర్చీలో తీసుకెళ్ళాం. ఏసోబు మొదట దూరంగానే నిలబడ్డాడు. తర్వాత వచ్చి, తీగ కలిపి, మా ఆయన జుట్టు సరిచేశాడు. మొన్నటి మాటలు వాడు మర్చిపోలేదు, మర్చిపోయినట్టు నటించాడు. స్నేహమంటే సగం అదే. దీపం వెలిగించాడు.

/బావి తవ్వటానికి దిగినవాడు ఒకడున్నాడు. పైనుంచి మట్టి విరిగి పడింది. అడుగున వాడొక్కడే./

“అని అనుకున్నాడు బావిలో మనిషి” అని పక్కన నా పలకతో ముక్క తగిలించాను. ఆ తర్వాత నా అవసరం కూడా పెద్దగా లేకపోయింది. బావిలోని మనిషికి చెయ్యి కదలదు, కాలు కదలదు. పైన నడిచే అడుగులు లెక్కపెట్టుకుంటాడు. ఆ అడుగు కంసాలి వెంకటరత్నానిదని, ఈ అడుగు చాకలి రమణమ్మదని పోల్చుకుంటాడు. హాల్లో ఉన్నవాళ్ళ పేర్లు కథలో పెట్టటం మా వాడుక. పేరు వచ్చినవాళ్ళు సంబరపడతారు. ఏసోబు పేరు వచ్చినప్పుడు వాడు పక్కవాడి తొడ మీద చరిచాడు.

హాలంతా ఏడ్చింది. అంతా అయ్యాక ఊరు ఊరంతా వచ్చి ఆయన భుజం తట్టింది. అనసూయమ్మ గారు నా దగ్గరకొచ్చి, “నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, నోరు లేనివాడే మా అందరి నోరూ మూయించాడమ్మా. ఆయన ఇంట్లోనే ఉంటాడు” అన్నారు.

ఇంటికొస్తుంటే దారి పొడుగునా ఆయన పలక /చదివారు, చదివారు/ అని వెలుగుతూనే ఉంది. ఎదురొచ్చినవాళ్ళందరూ దాన్ని చూడకుండా తల తిప్పుకున్నారు. ఆ సంతోషంలో నేను అదొకటి పట్టించుకోలేదు.

గాలి: పడమర మొదలైంది. ధూళి: ఎక్కువ.

పంపుహౌసులో రెండో వాల్వు పగిలింది. ఊరికి నీళ్ళు లేవు.

దాని సంగతి మా ఆయన కిందటి సెలవునాడే, బావి కథ తరవాయి చెబుతూ, చెప్పారు. బావిలోని మనిషి చెవికి పంపు చప్పుడు తేడాగా వినిపించింది. /రెండో వాల్వు వదులైంది. ఏసోబూ, పంపుహౌసులో చెప్పి బిగించమను. రెండ్రోజులు ఆగదు/ అని గోడంతా పడింది. కుర్చీలో హాలుకు వెళ్ళే దారిలో నిజంగానే ఆ చప్పుడును పోల్చుకున్నారట. నేను ఆ పూట నిద్రమత్తులో ఉండి, అదీ కథేననుకున్నాను.

ఏసోబును పట్టుకుని కడిగేశాను. “నీ పేరు పెట్టి మరీ చెప్పారు. చదవలేదా?”

“చదివా వదినా. ఎంత బాగా పెట్టాడో అనుకున్నా.”

“మరి పోయి చెప్పలేదే?”

“బావిలోవాడు కథలో ఏసోబుకు చెప్పాడు. నాక్కాదు గదా.” వాడు కళ్ళు పెద్దవి చేసి నావైపు చూశాడు. “దీపం వెలుగుతా ఉంటే లేచి పోతే ఊరు ఊరుకుంటదా? నువ్వయితే లేస్తావా?”

నేనూ లేవను.

ఇంటికొచ్చి ఆయనకు చెప్పాను. /నేనేం చెప్పినా ఇక కథే అన్నమాట/ అనుకున్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు తుడుస్తూ ఒక ఏర్పాటు చేసుకున్నాం: హాల్లో నేను పక్కనే ఉంటాను, ఆయన కావాలని అడిగినదేదో, కథ ఏదో నేను పోల్చుకుంటాను, అవసరమైతే దీపం నేనే ఆర్పుతాను. ఆయన మాటకు చివరి ముక్క నేనే.

/నువ్వు పక్కన ఉంటే చాలు/ అనుకున్నారు. చదివానని చెప్పాను. ఈమధ్య చెప్పటం అలవాటు చేసుకున్నాను, మొదటి రోజుల సిగ్గు పోయింది.

గాలి: పడమర. ధూళి: కమ్ముకుపోయింది. సెలవు.

రాస్తున్నాను. రాయకపోతే రేపు ఎవరో ఇంకోలా చెబుతారు.

గాలికి హాలు కప్పులో సందులన్నీ ధూళి దులుపుతున్నాయి. లోపల కూడా అందరూ ముసుగులు వేసుకున్నారు. ఇంత గాలిలో కథ వద్దన్నాను. మా ఆయనే పట్టుబట్టారు, బావిలోని మనిషికి ఇవాళ తాడు అందుతుందట. ఆయన ముసుగుకు వడపోత డబ్బా పొద్దున్నే మార్చాను. ఇంకో కొత్త డబ్బా సంచిలో వేసి కుర్చీ కింద పెట్టాను. సగం కథయ్యాక మార్చుదామనుకున్నాను.

కథ మొదలైన కాసేపటికి ఆసుపత్రి నుంచి మనిషి పరిగెత్తుకొచ్చాడు. ధూళి దూరి అక్కడి పలకలన్నీ ఒక్కసారే ఆరిపోయాయి. కాన్పు కష్టమైన పిల్ల ఒకతె ఏం చెబుతోందో ఎవరికీ తెలియటం లేదు. నేను వెళ్ళకపోతే ఇద్దరు పోతారు. దీపం ఆర్పి కథ ఆపుదామని చెయ్యి చాచాను. మా ఆయన పలక మీద /పోయిరా. ఆ పిల్ల మాట ముందు/ అని పడింది.

ఏసోబును పిలిచి కుర్చీ పక్కన కూర్చోబెట్టాను. “ఈయన చెయ్యి పట్టుకుని ఉండు. ఇప్పుడే వస్తాను” అన్నాను.

ఆసుపత్రిలో పలక బాగుచేశాను. ఆ పిల్ల “అడ్డం తిరిగింది, నాకు తెలుస్తా ఉంది” అని చెప్పగలిగింది. బిడ్డ బతికింది. తల్లీ బతికింది.

నేను తిరిగొచ్చేసరికి హాలు ఇంకా నిండుగానే ఉంది. ఎవరూ లేవలేదు. ముసుగుల అద్దాల వెనక అందరి కళ్ళూ ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డాయి. దీపం వెలుగుతోంది. ఏసోబు మా ఆయన చెయ్యి రెండు చేతుల్లో పెట్టుకుని కూర్చున్నాడు. చెయ్యి చల్లబడిందని తన శాలువా తీసి ఆయన ఒళ్ళో కప్పాడు.

నన్ను చూసి “ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు వదినా. ఇప్పుడే ఆపాడు” అన్నాడు.

నేను గోడ చూశాను.

/తాడు పైనుంచి దిగుతోంది. బావిలో మనిషి తలెత్తి చూశాడు./

/ఆగండి. ఇది కథ కాదు. డబ్బా పూడుకుపోయింది. నాకు ఊపిరి అందటం లేదు./

/ఏసోబూ, కథ కాదురా. దీపం ఆర్పు./

/ఏడవమాకురా. డబ్బా మార్చు. కుర్చీ కింద సంచిలో ఉంది. వెంకటరత్నం, నువ్వన్నా లే. అనసూయమ్మ గారూ./

/ఒక్కళ్ళు లేవండి./

/చదువుతున్నారు. అందరూ చదువుతున్నారు./

/హైమా./

ముసుగు లాగేశాను. పెదవులు నీలంగా ఉన్నాయి. కొత్త డబ్బా తగిలించాను, ఎందుకో నాకే తెలియదు. గుండె మీది చిన్న పలక ఖాళీగా ఉంది. వాలుగా కూడా ఏమీ లేదు.

అప్పటికి ఏసోబుకు అర్థమైంది. వాడి పలక మీద జంట కామాల్లో ఒక్క మాటా లేదు. కింద వాలుగా /చెయ్యి పట్టుకునే ఉన్నా, చెయ్యి పట్టుకునే ఉన్నా/ అని పడుతూనే ఉంది. ఊరంతా తల తిప్పుకుంది. నేను చదివాను.

“తెలుసులేరా” అని బదులిచ్చాను.

గాలి: పడమర, తగ్గుముఖం. ధూళి: ఎక్కువ.

మట్టి చేసి వచ్చాం.

దీపం ఇంకా ఆర్పలేదు. కమిటీ ఆర్పవద్దంది. అనసూయమ్మ గారు షెడ్డుకొచ్చి కూర్చున్నారు. ఆమె కూడా ఆ రోజు ముందు వరసలోనే ఉన్నారు. గోడ మీద ఆమె పేరు పడింది.

“దాన్ని అట్టాగే ఉంచుదాం హైమావతీ. ఆయన చెప్పిన కథల్లో అంత గొప్పది లేదు. పుట్టబోయేవాళ్ళు కూడా చదువుకుంటారు.”

“అది కథ కాదండీ.”

ఆమె పలక మీద వాలుగా ఏదో పడింది, చెరిగింది, మళ్ళీ పడింది. ఇప్పుడు నాకు ఎవరి వాలు అక్షరం చూసినా భయం లేదు. /కథ కాకపోతే నేను కూర్చుని చూశానన్నమాట/ అని ఉంది. /మా నాన్న/ అని కూడా ఉంది.

“అవునండీ” అన్నాను.

ఆమె లేచి వెళ్ళిపోయారు. ఎవరి మనసుకూ బదులివ్వకూడదన్న కట్టుబాటు ఎందుకు పెట్టారో నాకు ఇప్పటికీ తెలుసు. అది లేకపోతే మళ్ళీ కత్తులు తీస్తారు, నిజమే. నేను పోగొట్టుకున్నదాని కోసం ఊరిని తగలబెట్టమనను. కానీ నాకు ఊరి మీద కోపం పోలేదు, పోదు. నా మీద ఇంకా ఎక్కువ. ఆయన్ను మౌనశాలకు పంపకుండా కాపాడానని మురిసిపోయాను. ఊరంతా చూస్తుండగా ఇంకో మౌనశాలలో కూర్చోబెట్టి, దీపం కూడా పెట్టించాను.

గాలి: తూర్పు. ధూళి: పలచన. మరమ్మతులు: గోడపలక దీపం.

పొద్దున హాలుకు వెళ్ళాను. ఏసోబు అక్కడే ఉన్నాడు, అప్పటి నుంచి ఇంటికి పోలేదు. అడ్డు రాలేదు. గోడ మీదిదంతా ఈ పుస్తకంలో రాసుకున్నదానితో సరిచూసుకుని, దీపం ఆర్పాను. గోడ ఖాళీ అయింది. ఏసోబు ఖాళీ గోడకు దణ్ణం పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చి పైన రాసుకున్నది మళ్ళీ చూశాను. ఏటవాలు గీతల మధ్య ఉంది. ఆయన అనుకోలేదు, అన్నారు. గొంతు లేకపోయినా అన్నారు, పేరు పెట్టి అన్నారు. చివరి ముక్క నాదే కదా, అందుకని మళ్ళీ రాస్తున్నాను.

“ఇది కథ కాదు. నాకు ఊపిరి అందటం లేదు” అన్నారు మా ఆయన.

“దీపం ఆర్పేశానండీ” అన్నాను.

“డబ్బా మార్చు. కుర్చీ కింద సంచిలో ఉంది” అన్నారు.

“ఇదిగో, తీశాను” అన్నాను.

“ఒక్కళ్ళు లేవండి” అన్నారు.

“లేచాను” అన్నాను.

“హైమా” అన్నారు.

“ఆఁ, ఇక్కడే ఉన్నాను” అన్నాను.